పగడపు రంగు, పగడపు ఆరోగ్యం: ఇంటి అక్వేరియం చరిత్రలో ఒక అపార్థం

వ్యాససంగ్రహం:
గాజుతొట్టెలో సముద్రపు పగడాలను పెంచే అలవాటుకు నూట డెబ్భై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. ఈ చరిత్రలో చాలాకాలం పెంపకందారులు రంగునే ఆరోగ్యానికి గుర్తుగా తీసుకున్నారు. అయితే ఆ రంగు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు శాస్త్రజ్ఞులు చెప్పిన సమాధానం కాలక్రమంలో మారుతూ వచ్చింది. కంటికి ఇంపైన రంగు, జీవికి మేలైన స్థితి ఒకటి కావని చూపే ఆధారాలను ఈ వ్యాసం చారిత్రక క్రమంలో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పగడం, అక్వేరియం, సహజీవనం, శైవలాలు, ప్రతిదీప్తి, వివర్ణత.

1. ఉపోద్ఘాతం

తెలుగువారికి పగడం మొదట ఒక రంగు. ఆ తరువాతే ఒక జీవి. నవరత్నాలలో ఒకటిగా, కుజునికి ప్రీతికరమైన రత్నంగా, నల్లపూసల నడుమ కూర్చే ఎర్రని పూసగా దానిని ఎరుగుదుం. కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన మోటుపల్లి శాసనం ఓడ సరుకులపై సుంకాలను నిర్ణయిస్తూ కర్పూరం, ముత్యాలు, దంతం వంటి వాటితో పాటు పగడాలను కూడా పేర్కొంది. మన తీరంలో చెప్పుకోదగిన పగడపు దిబ్బలు లేవు. గోదావరీ కృష్ణలు తెచ్చి కలిపే మంచినీరు, ఒండ్రు వాటి పెరుగుదలకు అనుకూలం కావు. కనుక పగడం మనకు రేవులో దిగిన సరుకుగానే పరిచయమైంది.

నగల పగడం ప్రధానంగా మధ్యధరా సముద్రంలో పెరిగే జాతి. దాని ఎరుపు ఆ జీవి నిర్మించుకున్న గట్టి అస్థిపంజరంలోనే ఉంటుంది. అందువల్ల జీవి చనిపోయి శతాబ్దాలు గడిచినా పూస రంగు నిలిచే ఉంటుంది. ఉష్ణమండలంలో దిబ్బలు కట్టే పగడాల తీరు ఇందుకు భిన్నమైనది. వాటి అస్థిపంజరం తెల్లని సున్నం. రంగంతా దానిపై పలుచగా పరచుకున్న సజీవ కణజాలంలో ఉంటుంది. ప్రాణంతో వచ్చి ప్రాణంతో పోతుంది. ఇంటి అక్వేరియంలో పెంచేది ప్రధానంగా ఈ రెండవ రకాన్నే. అక్కడ రంగు ఒక స్థితి. ఆ స్థితిని ఎలా చదవాలన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న.

2. వెలుతురు అక్కరలేని తొలి పగడాలు

1846లో అన్నా థిన్ అనే ఆంగ్ల మహిళ టోర్కీ తీరంలో కొన్ని సజీవ పగడాలను సేకరించి లండనుకు తెచ్చుకున్నారు. ఆమె భర్త వెస్ట్‌మినిస్టర్ మఠాలయంలో మతాధికారి. నగరం నడుమ సముద్రపు నీరు చెడకుండా ఉండాలంటే దానిలో గాలి కలవాలి. అందుకు ఆమె ఎంచుకున్న ఉపాయం తెరచిన కిటికీ దగ్గర నీటిని ఒక పాత్ర నుంచి మరొక పాత్రలోకి ధారగా పోయించడం. ఆ శ్రమలో ఎక్కువ భాగం ఇంటి పనిమనిషిది. అక్వేరియం చరిత్రలు గాస్ పేరును, థిన్ పేరును తప్పక చెబుతాయి. తొట్టెలోని జీవులను బతికించిన ఆ పనిమనిషి పేరు మాత్రం చెప్పవు. మరుసటి ఏడు సముద్రపు మొక్కలను కూడా చేర్చడంతో ఆ పగడాలు దాదాపు మూడేళ్ళు బతికాయి, సంతతిని కూడా పెంచుకున్నాయి. ఆమె పరిశీలనలు ఫిలిప్ హెన్రీ గాస్ తోడ్పాటుతో 1859లో అచ్చయ్యాయి. అప్పటికే 1853లో లండను జంతుప్రదర్శనశాలలో మత్స్యశాల తెరుచుకుంది. 1854లో వచ్చిన గాస్ గ్రంథం ‘ది అక్వేరియం’ ఆ మాటను ఇంటింటికీ చేర్చింది.

థిన్ విజయంలో ఒక అదృష్టం ఉంది. ఇంగ్లండు తీరపు చల్లని నీటి పగడాలు వెలుతురుపై ఆధారపడి బతికేవి కావు. ఉష్ణమండలపు పగడాలైతే లండను ఇంటి మసక వెలుతురులో ఆ మూడేళ్ళు గడిపి ఉండేవి కావు. కారణం ఆ తరానికి తెలియదు.

3. గోధుమరంగు అతిథులు

కొన్ని సముద్రజీవుల కణజాలంలో కనిపించే పసుపు, గోధుమరంగు కణాలు ఆ జీవి అవయవాలు కావనీ, వేరే జాతికి చెందిన శైవలాలనీ జర్మన్ శాస్త్రజ్ఞుడు కార్ల్ బ్రాంట్ గుర్తించి, 1881లో వాటికి జూజాంథెల్లా అని పేరు పెట్టారు. దిబ్బ పగడానికి ప్రాథమికమైన రంగు ఈ అతిథులదే. అవి దట్టంగా ఉంటే పగడం గోధుమరంగులో కనిపిస్తుంది, పలుచబడితే పాలిపోతుంది, వెళ్ళిపోతే పారదర్శకమైన కణజాలం కింది తెల్లని సున్నం బయటపడుతుంది. దీనినే వివర్ణత, బ్లీచింగ్ అంటున్నాం.

అతిథులు ఇంటివానికి ఏమిస్తారన్న విషయంపై అర్ధశతాబ్దం పాటు స్పష్టత రాలేదు. 1928–29లో మారిస్ యంగ్ నాయకత్వంలో గ్రేట్ బారియర్ రీఫ్‌లోని లో దీవులకు వెళ్ళిన యాత్రాబృందం పగడాలను చీకటిలో ఉంచి చూసింది. అవి శైవలాలను వెలివేశాయి, పాలిపోయాయి. అయినా ఆహారం దొరికినంతకాలం బతికాయి. దీనిని బట్టి పగడం మాంసాహారి అనీ, శైవలాలు దానికి ఆహారం కావనీ, దాని వ్యర్థాలను తొలగించడమే వాటి ముఖ్య ఉపయోగమనీ యంగ్ నిర్ధారించారు. 1958లో మస్కటీన్, హాండ్ రేడియోధార్మిక కార్బన్‌తో సముద్ర ఎనిమోన్‌పై చేసిన ప్రయోగం శైవలాలు తయారుచేసిన పదార్థం ఆతిథేయి శరీరంలోకి చేరుతున్నదని చూపింది. మరుసటి ఏడు థామస్ గోరో బృందం పగడాలు చీకటిలో కన్నా వెలుతురులో వేగంగా సున్నాన్ని నిర్మిస్తాయని కొలిచి చెప్పింది. యంగ్ నిర్ధారణను పూర్తిగా తోసిపుచ్చడం మాత్రం సరికాదు. పగడం మీసాల వంటి స్పర్శకాలతో ప్లవకాలను పట్టి తింటుందన్న ఆయన పరిశీలన నేటికీ నిలుస్తుంది. వెలుతురు ఒక్కటే చాలునని నమ్మిన తరువాతి పెంపకందారులు మరచినది దీనినే.

జపానుకు చెందిన సిరో కవగుటి పలావు దీవుల పరిశోధనాకేంద్రంలో పనిచేస్తూ మరొక దిశలో ఆలోచించారు. పగడాలలోని ఆకుపచ్చ వర్ణద్రవ్యం శైవలాలది కాదు, పగడానిదే. తీక్ష్ణమైన సూర్యకాంతి నుంచి అది రక్షణ ఇస్తుండవచ్చునన్నది 1944లో ఆయన చేసిన సూచన. యుద్ధకాలపు ప్రచురణ కావడం వల్లనేమో, దానికి తగినంత ప్రచారం రాలేదని నా అభిప్రాయం.

4. జకార్తా నుంచి బెర్లిన్‌కు

ఇంటి తొట్టెలో ఉష్ణమండల పగడాన్ని నిలిపిన తొలితరం వారిలో జకార్తా నివాసి లీ చిన్ ఎంగ్ ముఖ్యుడు. 1961లో ఒక అమెరికన్ పత్రికలో ఆయన వివరించిన పద్ధతి చాలా సులువైనది. సముద్రం నుంచి జీవంతో నిండిన రాళ్ళు, సముద్రపు నీరు, కొద్దిపాటి గాలిబుడగలు, సూర్యరశ్మి: ఇంతే. రాళ్ళలోని సూక్ష్మజీవులే నీటిని శుభ్రపరుస్తాయి. సముద్రం పక్కనే ఉన్నవారికి ఇది సాధ్యం. యూరపు, అమెరికా నగరాలకు రాయి, ఉప్పు, వెలుతురు మూడూ దిగుమతి చేసుకోవలసినవే. 1964లో అమెరికాలో కృత్రిమ సముద్రపు ఉప్పు అమ్మకానికి రావడంతో ఒక చిక్కు తీరింది.

మిగిలిన చిక్కులను జర్మన్ భాషాప్రాంతపు పెంపకందారులు విప్పారు. పగడం అస్థిపంజరానికి నిత్యం కాల్షియం కావాలి. పీటర్ విల్కెన్స్ దానికి సున్నపుతేటను వాడమన్నారు. తాంబూలపు సున్నాన్ని నీటిలో కలిపి కదలకుండా ఉంచితే పైన మిగిలే తేట ఎటువంటిదో ఇదీ అటువంటిదే. బుడగల నురగతో సేంద్రియ మలినాలను తీసివేసే ప్రోటీన్ స్కిమ్మర్, తీక్ష్ణమైన మెటల్ హాలైడ్ దీపాలు, జీవశిలలు దీనికి తోడై ‘బెర్లిన్ పద్ధతి’గా స్థిరపడ్డాయి. బెర్లిన్‌కు చెందిన డీట్రిష్ స్టూబర్ తన తొట్టెలో పెరిగిన అక్రోపోరా పగడపు కొమ్మలను తుంచి తోటివారికి పంచారు. అవి చేతులు మారుతూ అనేక తొట్టెలకు చేరాయి.

పగడం బతికింది కానీ రంగు నిలువలేదు. దిబ్బపై నీలం, ఊదా, గులాబీ రంగుల్లో ఉన్న కొమ్మలు తొట్టెకు వచ్చిన కొన్ని వారాలకే గోధుమరంగుకు తిరిగేవి. చేపల మేత నుంచి, విసర్జితాల నుంచి నీటిలో పేరుకునే నైట్రేటు, ఫాస్ఫేటు శైవలాలకు ఎరువు. వెలుతురు తక్కువైనప్పుడు కూడా శైవలాలు దట్టమవుతాయి. గోధుమరంగు పగడం వ్యాధిగ్రస్తం కాదు. అతిథులు ఎక్కువైన ఇల్లు మాత్రమే. కానీ కంటికి అది ఓటమిగా కనిపించింది. ఈ అసంతృప్తి నుంచే 2000 తరువాత అత్యల్ప పోషకాల పద్ధతులు ప్రచారంలోకి వచ్చాయి. జియొలైట్ రాళ్ళతో, బ్యాక్టీరియాకు మేత వేసి, నీటిలోని పోషకాలను శూన్యానికి దగ్గరగా తెచ్చేవారు. పగడాలు లేత, మెరిసే రంగుల్లోకి వచ్చేవి. ఛాయాచిత్రాలలో అవి అద్భుతంగా ఉండేవి. కొన్ని తొట్టెల్లో మాత్రం ఆ మెరుపు తరువాతి మజిలీ కణజాలం ఊడిపోవడమే.

5. రంగు ఎవరిది?

గోధుమరంగు శైవలాలదైతే మిగిలిన రంగులు ఎవరివి? న్యూ కలెడోనియాలోని నూమెయాలో 1956లో అక్వేరియం స్థాపించిన రెనె కటాలా అతినీలలోహిత దీపాల కింద పగడాలు తమంత తాముగా వెలుగుతున్నట్లు ప్రతిదీప్తి చూపడం గమనించారు. 1964లో ఆయన పుస్తకం ఆ దృశ్యాన్ని ప్రపంచానికి చూపింది. ఆ వెలుగుకు మూలమైన అణువు అప్పటికి తెలియదు.

దాని జాడ దొరికిన చోటు ఈ చరిత్రలో నాకు అత్యంత ఆసక్తికరమైన ఘట్టం. 1962లో ఒసాము షిమోమురా జెల్లీచేప నుంచి ఆకుపచ్చ ప్రతిదీప్త ప్రోటీన్‌ను వేరుచేశారు. అటువంటి ప్రోటీన్ స్వయంగా కాంతిని పుట్టించే జీవుల్లోనే ఉంటుందని చాలాకాలం భావించారు. మాస్కో పరిశోధకులు మత్స్, లుక్యానొవ్ మొదలైనవారు కాంతిని పుట్టించని పగడాల్లోనూ, వాటి బంధువుల్లోనూ దానిని వెదికి, 1999లో ఆరు కొత్త ప్రోటీన్లను ప్రకటించారు. సముద్రానికి ఎంతో దూరాన ఉన్న ఆ నగరంలో వారికి నమూనాలు దొరికినది అక్వేరియం పెంపకందారుల దగ్గరే. ఆ ఆరింటిలో ఒకటైన ఎర్రని ప్రోటీన్ జీవకణ పరిశోధనలో నిత్యసాధనమైంది. ఆకుపచ్చ ప్రోటీన్‌పై కృషికి 2008లో షిమోమురా, చాల్ఫీ, చియెన్‌లకు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

ఆ తరువాత కవగుటి ఊహకు బలం చేకూరింది. ప్రతిదీప్త వర్ణాలు అతి వెలుతురు నుంచి కాపాడతాయని 2000లో సాలిహ్ బృందం వెల్లడించింది. నీలికాంతి పెరిగినకొద్దీ అనేక పగడజాతులు ఈ వర్ణాలను ఎక్కువగా తయారుచేస్తాయని 2008లో చెచీలియా దాంజెలో, యోర్గ్ వీడెన్‌మన్ మొదలైనవారు చూపారు. అంటే నీలం, ఊదా, గులాబీ రంగులు పగడం ధరించిన అలంకారం కావు, పట్టుకున్న గొడుగు. గొడుగు ఎంత పెద్దదైతే ఎండ అంత తీవ్రమని అర్థం.

సౌతాంప్టన్‌లోని అదే పరిశోధకుల బృందం ప్రయోగశాల తొట్టెల్లో పోషకాలను మార్చి చూసి 2013లో మరొక సంగతి బయటపెట్టింది. నైట్రేటు ఉండి ఫాస్ఫేటు కొరవడితే శైవలాలు ఆకలితో బలహీనపడతాయి. వేడికీ వెలుతురుకూ తట్టుకోలేక పగడం త్వరగా వివర్ణమవుతుంది. 2020లో బొలాటి మొదలైనవారి పరిశోధన ‘వర్ణమయ వివర్ణత’ను వివరించింది. శైవలాలు పలుచబడగానే తెల్లని అస్థిపంజరం నుంచి పరావర్తనమైన కాంతి కణజాలంలో పెరుగుతుంది. దానికి ప్రతిస్పందనగా పగడం రంగుల ప్రోటీన్లను విరివిగా తయారుచేస్తుంది. కొంత నీడ ఏర్పడి, శైవలాలు తిరిగి రావడానికి వీలవుతుంది. కనుక పగడం అత్యంత ప్రకాశవంతంగా కనిపించే క్షణం అది ఆపద నుంచి బయటపడడానికి పెనుగులాడుతున్న క్షణం కావచ్చు. అత్యల్ప పోషకాల తొట్టెల్లోని మెరుపులో కొంత ఈ కోవకు చెందినదేనని భావించడం అసంగతం కాదు.

6. చిన్న తొట్టె గణితం

ఈ విషయాలు పెద్ద తొట్టె కన్నా చిన్న తొట్టెలో త్వరగా అనుభవానికి వస్తాయి. 40 లీటర్ల తొట్టె నుంచి ఒక లీటరు ఆవిరైతే కిలో నీటికి 35 గ్రాములున్న లవణీయత 36కు చేరువవుతుంది. 400 లీటర్లలో అదే లీటరు పోతే మార్పు 0.1 గ్రాము కూడా ఉండదు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. అందుచేత ప్రతిరోజూ నింపవలసినది శుద్ధమైన మంచినీరు, ఉప్పునీరు కాదు. చిన్న తొట్టెకు ఒక వెసులుబాటు కూడా ఉంది. వారానికి నాలుగు లీటర్ల కొత్త ఉప్పునీటిని మార్చితే పదోవంతు నీరు కొత్తదవుతుంది. పెంపకం మితంగా ఉన్నప్పుడు కాల్షియం, క్షారత చాలావరకు దానితోనే సర్దుకుంటాయి.

రంగు కోసం నైట్రేటు, ఫాస్ఫేటులను సున్నాకు తేవడం పై పరిశోధనల వెలుగులో సమర్థనీయం కాదు. రెండూ స్వల్పంగా, ఒకదానికొకటి తగిన పాళ్ళలో, వారాల తరబడి మారకుండా ఉండాలి. నీలికాంతి ఎక్కువగా ఉన్న ఎల్‌ఈడీ దీపాల తీవ్రతను కొద్దికొద్దిగా పెంచాలి. అప్పుడు పగడం తన వర్ణాన్ని నెమ్మదిగా తయారుచేసుకుంటుంది. గోధుమరంగు నేపథ్యం పూర్తిగా పోకుండానే ఆ రంగు దానిపై తేలుతుంది. కొత్తగా తెచ్చిన కొమ్మ రెండు మూడు రోజుల్లో మిరుమిట్లు గొలిపితే ఆనందించే ముందు దీపాన్ని కొంత తగ్గించి చూడడం మేలు.

తెలుగు నగరాల్లోనూ ఉప్పునీటి తొట్టెలు కనిపిస్తున్నాయి కనుక చట్టం సంగతీ చెప్పుకోవాలి. దిబ్బలు కట్టే పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. మన్నారు సింధుశాఖ నుంచి గానీ అండమాన్, లక్షద్వీపాల నుంచి గానీ వాటిని సేకరించడం, వ్యాపారం చేయడం నేరం. సముద్రం నుంచి తీయకుండా పగడాలను పొందే మార్గాలలో స్టూబర్ పంచిన కొమ్మలు ఒకటి. లండనులోని హార్నిమన్ మ్యూజియం పరిశోధకులు 2017లో మరొకదానిని ప్రకటించారు. ఆయా జాతుల సొంత సముద్రంలోని ఉష్ణోగ్రతను, పగటి నిడివిని, చంద్రకళలను మూసిన తొట్టెలలో ఏడాది పొడవునా అనుకరించడంతో నాలుగు అక్రోపోరా జాతులు అక్కడే బీజకణాలను విడుదల చేశాయి.