మద్యవ్యసనం – శారీరక పరాధీనత: ఒక భావన చారిత్రక పరిణామం

1. ఉపోద్ఘాతం:
మద్యవ్యసనం, మద్యంపై శారీరక పరాధీనత అనే మాటలను వ్యవహారంలో ఒకే అర్థంలో వాడుతుంటారు. హాని కలుగుతుందని తెలిసినా తాగడం మానుకోలేని ప్రవర్తన వ్యసనం. నిత్యం చేరే మద్యానికి దేహం అలవాటుపడి, అది ఆగగానే అస్వస్థతకు లోనయ్యే స్థితి శారీరక పరాధీనత. ఈ భేదం వైద్యశాస్త్రంలో స్థిరపడిన క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నైతిక దోషం నుంచి వ్యాధి వరకు:
18వ శతాబ్దం చివరి వరకు పాశ్చాత్య సమాజాలు అతిగా తాగడాన్ని ప్రధానంగా నైతిక దోషంగా భావించాయి. అమెరికాలో బెంజమిన్ రష్ 1784లో, బ్రిటన్‌లో నౌకాదళ వైద్యుడు థామస్ ట్రాటర్ 1804లో వెలువరించిన రచనలు దీనిని వ్యాధిగా వివరించాయి. వణుకు, భ్రాంతులతో కూడిన సన్నిపాతానికి 1813లో థామస్ సటన్ ‘డెలీరియం ట్రెమెన్స్’ అని పేరుపెట్టాడు. 1849లో స్వీడన్ వైద్యుడు మాగ్నస్ హుస్ ‘ఆల్కహాలిజం’ అనే భావనను ప్రవేశపెట్టాడు. అయినా ఆ సన్నిపాతానికి మూలం తాగడమా, తాగడం ఆగిపోవడమా, పోషకాహారలోపమా అన్న ప్రశ్న చాలాకాలం తేలలేదు.

3. లెక్సింగ్టన్ ప్రయోగం:
అమెరికాలోని లెక్సింగ్టన్‌లో హారిస్ ఇస్బెల్ బృందం జరిపిన ప్రయోగఫలితాలు 1955లో వెలువడ్డాయి. గతంలో మార్ఫిన్ వ్యసనం ఉన్న పదిమందికి తగిన ఆహారం, విటమిన్లు అందిస్తూ దీర్ఘకాలం మద్యం ఇచ్చి ఒక్కసారిగా ఆపివేశారు. ఎక్కువకాలం తాగినవారిలో వణుకు, చెమటలు కనిపించాయి. కొందరికి మూర్ఛలు, సన్నిపాతం కలిగాయి. పోషణ సక్రమంగా ఉన్నందున, కారణం మద్యం ఆగిపోవడమేనని రుజువైంది. అయితే వారు శిక్ష అనుభవిస్తున్న ఖైదీలు. కారాగారంలో ఇచ్చిన సమ్మతి ఎంతవరకు స్వచ్ఛందమన్న ప్రశ్న ఈ జ్ఞానం వెంటే ఉంది.

4. దేహధర్మం – చికిత్స:
మద్యం మెదడులో గాబా ప్రభావాన్ని పెంచి, గ్లుటమేట్ ఉత్తేజాన్ని అణచివేస్తుంది. దీర్ఘకాలంలో మెదడు దీనికి ప్రతిగా తన ఉత్తేజాన్ని పెంచుకుంటుంది. మద్యం ఆగగానే ఆ ఉత్తేజానికి అడ్డు తొలగిపోతుంది. వణుకు కొన్ని గంటల్లోనే మొదలవుతుంది. సన్నిపాతం సాధారణంగా రెండు మూడు రోజులకు వస్తుంది. చికిత్స అందకపోతే ప్రాణాపాయం కలగవచ్చు. బెంజోడయజపైన్ మందులు, థయామిన్ ఈ చికిత్సలో ముఖ్యమైనవి. 1976లో గ్రిఫిత్ ఎడ్వర్డ్స్, మిల్టన్ గ్రాస్ ప్రతిపాదించిన ‘మద్య పరాధీనతా లక్షణసముదాయం’ దేహధర్మాన్నీ ప్రవర్తననూ ఒకే చట్రంలో చూపింది.

5. ముగింపు:
2020 మార్చిలో లాక్‌డౌన్ వల్ల మద్యం దుకాణాలు ఉన్నట్టుండి మూతపడగా, హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఉపసంహరణ లక్షణాలతో వచ్చేవారి సంఖ్య పెరిగింది. లెక్సింగ్టన్‌లో తేలిన విషయమే ఇక్కడ సామాజికస్థాయిలో కనిపించింది. దుకాణం మూయడంతో పరాధీనత తొలగదు. ఉపసంహరణ దశ దాటినంతమాత్రాన వ్యసనమూ నయం కాదు. మొదటిదానికి తక్షణ వైద్యం, రెండవదానికి దీర్ఘకాల ఆసరా అవసరం. మద్యనియంత్రణ విధానాలు ఈ భేదాన్ని విస్మరిస్తే, ఆ మూల్యాన్ని చెల్లించేది రోగీ, అతని కుటుంబమూ.