చలిజ్వరం, గోండుల నేల

ఆదిలాబాద్ అడవుల గతం చెప్పేటప్పుడు ఒక మాట తరచూ దొర్లుతుంది: అక్కడి చలిజ్వరమే (మలేరియానే) బయటివాళ్లను రానీయకుండా గోండులకు కోటగోడగా నిలిచిందని, వాళ్ల ఒంటికి ఆ జ్వరం అంటదని. మొదటి ముక్క కాలక్రమానికి నిలవదు, రెండోది సగమే నిజం. అడవిలో పుట్టినంత మాత్రాన మలేరియాను తట్టుకునే శక్తి రాదు. పసితనం నుంచి పదేపదే జ్వరపడి, బతికి బయటపడ్డ పిల్లల రక్తంలో ప్రతిరక్షకాలు కొద్దికొద్దిగా కూడుతాయి. పరాన్నజీవి ఎర్రకణాల మీద పరిచే ప్రొటీన్లను మారుస్తూ తప్పించుకుంటూనే ఉంటుంది గనక జబ్బు పూర్తిగా పోదు, పెద్దవాళ్లకు ప్రాణం మీదికి రావడం తగ్గుతుందంతే. కొన్నేళ్లు దోమకాటుకు దూరమైతే ఆ కాస్త రక్షణా సన్నగిల్లుతుంది. పెద్దల నిబ్బరాన్ని మెచ్చుకున్నవాళ్ల లెక్కలోకి, ఆ వయసు దాకా బతకని పిల్లలు రాలేదు.

పుట్టుకతో వచ్చే రక్షణ అసలే లేదనలేం. గోండుల్లో సికిల్ సెల్ జన్యువు ఉంది. అది తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వస్తే, పరాన్నజీవి దూరిన కణం కొడవలిలా వంగి ప్లీహానికి చిక్కుతుంది. 1954లో ఆంథొనీ అల్లిసన్ తూర్పు ఆఫ్రికాలో ఈ సంబంధాన్ని చూపాడు. తీవ్ర మలేరియా ముప్పు దాదాపు 90 శాతం తగ్గుతుందని తర్వాత తేలింది. ఇద్దరి నుంచీ వస్తే మాత్రం ఆ బిడ్డకు బతుకంతా నొప్పులు, రక్తహీనత. తెగలోనే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల ఈ జన్యువు నిలిచిందనే వాదన ఉంది. పెళ్లిళ్లు జన్యువును తెగలో ఉంచగలవు గానీ, పిల్లల్ని బలితీసుకునే జన్యువును తరతరాలుగా తరగకుండా ఉంచలేవు. మలేరియాను కలిపితేనే లెక్క కుదురుతుంది.

ఇక కోటగోడ సంగతి. బయటివాళ్లకు దారి తెరిచిన కాజీపేట–బల్లార్షా రైలుమార్గం 1929లో పూర్తయింది. భూమి కోసం పోరాడిన కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు. ఆ తర్వాత ఇక్కడ పనిచేసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, గోండుల పొలాలు వలసదారుల చేతుల్లోకి పోవడాన్ని నమోదు చేశాడు. దోమల మందు డీడీటీ ఆధారంగా జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది 1953లో. అంటే జ్వరం జోరు మీద ఉండగానే నేల చేతులు మారింది. వచ్చినవాళ్లు మైదానాలు దాటి కొండల్లోకి పోలేదు గదా, అది జ్వరభయమే గదా అనొచ్చు. ఆ భయం ఉండే ఉంటుంది. కానీ సాగుకు మేలైన నేలలున్నది మైదానాల్లోనే, గోండులు ముందుగా పోగొట్టుకున్నదీ వాటినే.