బోర్డు మీద రైళ్ళ టైమ్‌టేబుల్, క్లాసులో ఇంగ్లిష్

ఇంగ్లిష్ ఎలా నేర్పాలన్న శాస్త్రం చదువుకునేవాళ్ళకు, వాళ్ళు ఇంగ్లండ్‌లో ఉన్నా జపాన్‌లో ఉన్నా, ఎప్పుడో ఒకచోట బెంగళూరు పేరు తగులుతుంది. ఆ బెంగళూరుకు సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేదు. 1979 నుంచి 1984 దాకా దక్షిణాదిలో కొన్ని మామూలు బడుల్లో ఒక ప్రయోగం జరిగింది. దానికి పెట్టిన పేరు కమ్యూనికేషనల్ టీచింగ్ ప్రాజెక్ట్. లోకం మాత్రం ‘బెంగళూరు ప్రాజెక్టు’ అనే పిలిచింది, ఇప్పటికీ అలాగే పిలుస్తోంది. ఇవాళ ఎన్నో దేశాల్లో టాస్క్ పద్ధతి అంటూ ఇంగ్లిష్ నేర్పుతున్నారు కదా, దాని మూలాల్లో ముఖ్యమైనది ఇక్కడే ఉంది.

ఇవాళ బెంగళూరులో మారతహళ్ళి వైపు వెళితే వీధివీధికీ మన తెలుగు కుర్రాళ్ళ పీజీలు, ఆంధ్రా మెస్సులు, వాటి పక్కనే స్పోకెన్ ఇంగ్లిష్ బోర్డులు కనిపిస్తాయి. ఇంజినీరింగ్ పట్టా చేతిలో ఉన్నా ఇంటర్వ్యూలో నోరు పెగలక, కోచింగ్‌కు డబ్బు కట్టే పిల్లలు వీళ్ళు. అదే ఊళ్ళో, మైసూరు రోడ్డు వైపు జ్ఞానభారతి ఆవరణలో రీజనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ ఉంది. 1963లో దక్షిణాది రాష్ట్రాలన్నీ కలిసి పెట్టుకున్న సంస్థ అది. ఆంధ్రప్రదేశ్ నుంచి ఇంగ్లిష్ టీచర్లు శిక్షణ కోసం అక్కడికి వెళ్ళి, హాస్టల్లో ఉండి, సర్టిఫికెట్ తెచ్చుకునేవారు. బెంగళూరు ప్రాజెక్టుకు ఆ పేరు రావడానికి కారణం ఈ సంస్థే. ప్రయోగం ఎలా నడుస్తోందో ఎప్పటికప్పుడు చర్చించుకునే సెమినార్లు ఇక్కడ జరిగేవి, వివరాలు ఈ సంస్థ బులెటిన్‌లో అచ్చయ్యేవి.

ప్రయోగాన్ని నడిపించిన మనిషి ఎన్.ఎస్. ప్రభు. అప్పట్లో ఆయన మద్రాసు బ్రిటిష్ కౌన్సిల్‌లో ఇంగ్లిష్ బోధన వ్యవహారాలు చూసేవారు. ఆయనను వేధించిన ప్రశ్న మన ఊళ్ళలో ప్రతి ఇంగ్లిష్ మాస్టారికీ తెలిసినదే. క్లాసులో అప్పజెప్పినప్పుడు తప్పు లేకుండా చెప్పే పిల్లవాడు, తన మాటగా ఒక్క వాక్యం చెప్పమంటే ఎందుకు తడబడతాడు?

అప్పటికి బడుల్లో రెండు రకాల చదువు నడుస్తోంది. పాతది గ్రామరు పుస్తకం చదువు. ‘రెన్ అండ్ మార్టిన్’ పేరు తెలియని ఇల్లు ఆ తరంలో తక్కువ. ఆ రెన్ ఎవరో కాదు, 1924లో ‘బో జెస్ట్’ అనే సాహస నవల రాసి పేరు తెచ్చుకున్న పి.సి. రెన్. బొంబాయి విద్యాశాఖలో పనిచేసిన ఆయన రాసిన వ్యాకరణాన్ని మనవాళ్ళు ఇప్పటికీ కొంటూనే ఉన్నారు. రెండోది స్ట్రక్చరల్ పద్ధతి. ఇంగ్లిష్ వాక్యాలను మూసలుగా విడగొట్టి, తేలికవి ముందు, కష్టమైనవి తర్వాత వరుసగా పేర్చి, ఒక్కొక్కదాన్నీ నోటికి వచ్చేదాకా పలికించడం. 1950ల చివర మద్రాసు రాష్ట్రంలో ప్రాథమిక పాఠశాల టీచర్లకు దీన్ని పెద్ద ఎత్తున నేర్పారు. శిక్షణ పొందినవారు మరికొందరికి, వారు ఇంకొందరికి నేర్పుతూ పోయారు. ఆ తరం బడిలో టీచర్ తలుపు వైపు నడుస్తూ “ఐ యామ్ వాకింగ్ టు ద డోర్” అనేవారు. “వాట్ యామ్ ఐ డూయింగ్?” అని అడిగేవారు. “యూ ఆర్ వాకింగ్ టు ద డోర్” అని క్లాసంతా ఒక్క గొంతుతో అరిచేది. మాస్టారు తలుపు దగ్గరికి నడుస్తున్నారన్న సంగతి క్లాసులో అందరికీ కనిపిస్తూనే ఉంది. తెలియని సంగతి తెలుసుకోవాలనో, తెలిసింది ఎవరికైనా చెప్పాలనో ఎవరూ నోరు విప్పడం లేదు.

ఆ పద్ధతిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అంతకుముందు రూలు బట్టీపట్టి, వాక్యం నోట పలకకుండానే పరీక్ష గట్టెక్కే చదువుతో పోలిస్తే అది పెద్ద ముందడుగు. కానీ అరవై మంది ఒకే వాక్యాన్ని పలికితే నోటికి అలవాటవుతుంది, ఆలోచనకు అలవాటు కాదు. అదే పిల్లవాడు బయట తన అన్న గురించి చెప్పాల్సివస్తే “మై బ్రదర్ గో” అనే అంటాడు.

1970లలో బ్రిటన్ నుంచి ఇంకో మాట వచ్చింది. వాక్యాల మూసలు కాదు, అవసరాలు నేర్పండి అన్నారు. ఎలా అభ్యర్థించాలి, ఎలా క్షమాపణ అడగాలి, పరిచయం ఎలా చేసుకోవాలి, ఇలా. ప్రభు దీన్నీ పూర్తిగా ఒప్పుకోలేదు. ఆయన తర్కం మన నేలకు సరిగ్గా సరిపోయింది. మన బడి పిల్లవాడు కిరాణా కొట్టులోనో బస్సులోనో ఇంగ్లిష్‌లో క్షమాపణ చెప్పబోవడం లేదు. రేపు ఏ చదువుకో ఉద్యోగానికో వెళ్ళినప్పుడు వాడికి కావలసింది వాక్యం కట్టే శక్తి, అంటే వ్యాకరణమే. మరి ఆ వ్యాకరణం మనసులో ఎలా ఏర్పడుతుంది? రూలు చెబితే కాదు, పదేపదే పలికిస్తే కాదు, ఒక అర్థాన్ని పట్టుకోవడానికి బుర్ర గట్టిగా పనిచేస్తున్నప్పుడు దానంతట అది ఏర్పడుతుంది అన్నది ఆయన నమ్మకం. ఐదేళ్ళ ప్రయోగం ఈ ఒక్క నమ్మకాన్ని పరీక్షించడానికే.

కాబట్టి సిలబస్‌లో ఏ క్రియా రూపం ఎప్పుడు నేర్పాలన్న పట్టిక లేదు. వరుసగా చేయించాల్సిన పనులు, అంటే టాస్కులు, మాత్రమే ఉన్నాయి. మ్యాపు చూసి దారి కనుక్కోవడం, బడి టైమ్‌టేబుల్, రైళ్ళ రాకపోకలు, దూరాలు, ఖర్చుల లెక్కలు, బొమ్మ గీయడానికి సూచనలు. అన్నీ పిల్లలకు తెలిసిన సరుకే.

అలాంటి పాఠం ఒకటి దగ్గర నుంచి చూద్దాం. పద్ధతి ప్రభుది, అంకెలు మాత్రం నేను వేసినవి. బోర్డు మీద ఒక రైలు వివరాలు ఉన్నాయి. మద్రాసు 7.15, కాట్పాడి 9.00, జోలార్‌పేట 10.15, బెంగళూరు 1.00. టీచర్ అడుగుతారు, “వెన్ డజ్ ద ట్రెయిన్ లీవ్ మద్రాస్?” జవాబు వస్తుంది, “సెవెన్ ఫిఫ్టీన్.” ఒక్క ముక్కే, ఫర్వాలేదు. “హౌ లాంగ్ డజ్ ఇట్ టేక్ టు రీచ్ కాట్పాడి?” ఇప్పుడు పిల్లలు వేళ్ళ మీద లెక్కపెడతారు, పక్కవాడితో తెలుగులోనో కన్నడంలోనో తమిళంలోనో గుసగుసలాడతారు. అదీ ఫర్వాలేదు. “వన్ అవర్ ఫార్టీఫైవ్ మినిట్స్.” తర్వాత అసలు ప్రశ్న వస్తుంది. జోలార్‌పేటలో ఉన్న ఒకాయన 12 గంటల లోపు బెంగళూరులో ఉండాలి. ఈ రైలు ఎక్కొచ్చా? “నో సర్.” “వై?” ఒక అమ్మాయి లేస్తుంది, “ట్రెయిన్ రీచ్ వన్ ఓ క్లాక్.” టీచర్ ఆమెను ఆపరు. “యెస్, ద ట్రెయిన్ రీచెస్ బెంగళూర్ ఎట్ వన్, సో హి కాంట్ టేక్ ఇట్” అని తానే సరైన వాక్యంలో చెప్పి, తర్వాతి ప్రశ్నకు వెళతారు.

ఏకవచనం, ప్రథమ పురుష, క్రియకు చివర ‘స్’ అన్న రూలు ఆ పీరియడ్‌లో ఎవరూ ఎత్తలేదు. కానీ లీవ్స్, రీచెస్, అరైవ్స్, స్టాప్స్ అన్న మాటలు గంటసేపట్లో ఎన్నోసార్లు ఆమె చెవిన పడ్డాయి, అదీ ఆమెకు వాటితో పని ఉన్నప్పుడు. బిఫోర్, ఆఫ్టర్, బిట్వీన్, లాస్ట్, నెక్స్ట్ అన్న రోజువారీ మాటలూ అలాగే పడ్డాయి. నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా నచ్చింది ఆ తప్పు దిద్దిన తీరు. మన క్లాసుల్లో ఆ అమ్మాయి “రీచ్” అనగానే పాఠం ఆగిపోతుంది, రూలు మొదలవుతుంది, ఆమె మళ్ళీ వారం రోజులు చెయ్యి ఎత్తదు.

ప్రతి పాఠానికీ రెండు భాగాలు ఉండేవి. మొదట టీచర్ క్లాసంతటితో కలిసి ఒక సమస్యను నోటిమాటగా విప్పుతారు. తర్వాత అలాంటిదే ఇంకొకటి కాగితం మీద ఇచ్చి, ఎవరికి వారు చేయమంటారు. క్లాసులో దాదాపు సగం మంది, ఇచ్చిన పనిలో కనీసం సగం సరిగ్గా చేస్తే ఆ పని ఆ క్లాసుకు తగిన స్థాయిలో ఉన్నట్టు లెక్క. అందరూ చేసేస్తే మరీ తేలిక, ఎవరూ చేయలేకపోతే మరీ కష్టం. ప్రభు పనులను మూడు రకాలుగా చూశారు. ఒకరికి తెలిసిన వివరం ఇంకొకరికి అందించడం ఒకటి. ఉన్న వివరాల నుంచి తర్కించి తెలియనిది రాబట్టడం రెండు. సొంత అభిప్రాయం, ఇష్టం చెప్పడం మూడు. వీటిలో రెండోదే క్లాసులో బాగా నడిచింది. జవాబు తప్పో ఒప్పో తేలిపోతుంది కనుక పిల్లల్లో పట్టుదల పుడుతుంది. అభిప్రాయం చెప్పమంటే భాష చాలని పిల్లవాడు బిగుసుకుపోతాడు. గ్రూపులుగా కూర్చోబెట్టడం ఆయనకు ఇష్టం లేదన్నది చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. భాష ఇంకా రానివాళ్ళు తమలో తాము మాట్లాడుకుంటే ఒకరి తప్పులు ఒకరికి అంటుకుంటాయన్నది ఆయన భయం. మంచి ఇంగ్లిష్ టీచర్ నోటి నుంచే రావాలి అన్నారు.

1984లో ఫలితాలు తూచడానికి ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం నుంచి అలన్ డేవిస్, అలన్ బెరెట్టా రంగంలోకి దిగారు. ప్రాజెక్టు క్లాసులను స్ట్రక్చరల్ పద్ధతిలో చదివిన క్లాసులతో పోల్చారు. ఏ పద్ధతి ప్రకారం పరీక్ష పెడితే ఆ పద్ధతిలో చదివినవారే గెలుస్తారు కనుక రెండు రకాల పరీక్షలూ పెట్టారు, రెండు వైపులా మొగ్గనివీ కొన్ని చేర్చారు. అనుకున్నట్టే ఎవరి పరీక్షలో వారు ముందున్నారు. పక్షపాతం లేని పరీక్షల్లో మాత్రం ప్రభు పిల్లలు మెరుగ్గా నిలిచారు. అర్థం మీద దృష్టి పెడితే వ్యాకరణం ఏర్పడుతుందన్న వాదానికి కొంత బలం దొరికిందని 1985లో ఇద్దరూ రాశారు. అంతకుమించి అనలేదు. అనకపోవడమే న్యాయం. రెండు వైపులా టీచర్లు సమానం కారు. ప్రాజెక్టులో పాఠం చెప్పినవారిలో బాగా తర్ఫీదైనవారు ఎక్కువ. మామూలు బడి టీచర్లు ఈ పద్ధతితో ఇబ్బంది పడ్డారని బెరెట్టా తర్వాత రాశారు. ప్రశ్న తర్వాత ప్రశ్న అప్పటికప్పుడు అల్లుకుపోవాలంటే టీచర్‌కు తన ఇంగ్లిష్ మీద ధైర్యం ఉండాలి. మన దగ్గర అసలు చిక్కు అక్కడే ఉంది, ఇవాళ్టికీ.

1987లో ప్రభు ‘సెకండ్ లాంగ్వేజ్ పెడగాజీ’ అనే పుస్తకంలో ఈ అనుభవమంతా రాశారు. ఆక్స్‌ఫర్డ్ వేసింది. ఆయన తర్వాత సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. 1990లో ఒక వ్యాసం రాస్తూ, అన్నిచోట్లా పనికొచ్చే ఉత్తమ పద్ధతి అంటూ ఏదీ లేదన్నారు. సొంత పద్ధతితో లోకమంతా పేరు పొందిన మనిషి ఆ మాట అనడం గొప్ప విషయం. పాఠం ఎందుకు ఇలా చెబుతున్నానో టీచర్‌కు ఒక నమ్మకం ఉండాలి, యాంత్రికంగా చెప్పడమే అసలు శత్రువు అన్నది ఆయన వాదన.

ఆయన ఆలోచన విదేశాలు తిరిగి మన పుస్తకాల్లోకీ వచ్చింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక ఇంగ్లిష్ బోధన గురించి చెప్పిన మాటల్లో అది ఉంది. దాని బాటలో వచ్చిన పాఠ్యపుస్తకాల్లో కృత్యాలు, చర్చలు చేరాయి. పరీక్ష మాత్రం మారాల్సినంత మారలేదు. వాయిస్ మార్చండి, డిగ్రీ మార్చండి, రిపోర్టెడ్ స్పీచ్‌లోకి మార్చండి. మార్కులు అక్కడుంటే పీరియడ్లూ అటే పోతాయి. మారతహళ్ళి కోచింగ్ సెంటర్లకు పిల్లలను పంపుతున్నది ఆ ప్రశ్నపత్రమేనని నా నమ్మకం.

సొంతంగా నేర్చుకునేవాళ్ళకూ ఇందులో పనికొచ్చేది ఉంది. మాటల సంగతి ముందు చెబుతాను. ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్, సాధారణ ఇంగ్లిష్ చదువుకు ఎక్కువగా కావలసిన సుమారు 2000 మాటలను ఏరి 1953లో జాబితా వేశారు. కష్టమైన మాటలు రోజుకు యాభై బట్టీ పట్టే కన్నా ఆ 2000 మాటలతో పని చేయగలగడం మేలు. ఆ పనికి సరుకు మీ ఇంట్లోనే ఉంది. కరెంటు బిల్లు తీసుకోండి, పోయిన నెల కన్నా ఎంత ఎక్కువ వచ్చింది, ఎందుకు వచ్చింది, ఇంగ్లిష్‌లో మీకు మీరే చెప్పుకోండి. రైలు టికెట్ తీసుకోండి, స్టేషన్‌కు ఎన్నింటికి బయలుదేరాలో లెక్కకట్టి రెండు వాక్యాలు రాయండి. “ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్,” “డిడ్ యూ వెంట్” లాంటి తప్పులు దొర్లుతాయి, ‘ఎ’, ‘ద’ ఎక్కడ పెట్టాలో తెలియదు. రాయడం పూర్తయ్యాక రెన్ అండ్ మార్టిన్ తెరిచి దిద్దుకోండి. పెద్దవాళ్ళకు రూలు పనికొస్తుంది, కాకపోతే పని తర్వాత. ఈ చివరి మాట ప్రభుది కాదు, నాది.

ఇంగ్లిష్ టీచర్లకు ఒక విన్నపం. సిలబస్ ఎంత ఒత్తిడి పెట్టినా వారానికి ఒక్క పీరియడ్ దీనికి ఇవ్వండి. మీ ఊరి బస్సుల వేళలు బోర్డు మీద రాయండి. పదో తరగతి పరీక్షకు వెళ్ళాల్సిన పిల్లవాడు ఏ బస్సు ఎక్కాలో అడగండి. ఒక్క మాటలో జవాబు వస్తే తీసుకోండి, తప్పు వస్తే సరైన వాక్యం మీరు చెప్పి ముందుకు సాగండి. బి.ఎడ్. కళాశాలల్లో, డైట్‌లలో పాఠాలు చెప్పేవారు ప్రభు పుస్తకాన్ని చదివించండి, చదివించడంతో ఆగకుండా పక్క బడికి తీసుకెళ్ళి అలాంటి పాఠం ఒకటి చెప్పించండి. ప్రయోగం జరిగింది మన బడుల్లో, మన పిల్లల మీద. దాని ఫలం వాళ్ళకు అందించాల్సిన బాధ్యత మనదే.