గడియ

‘గడియ’కు మూలం సంస్కృత ‘ఘటిక’, అంటే చిన్న కుండ. అడుగున సన్నని రంధ్రమున్న రాగిగిన్నెను నీళ్లమీద వదిలితే, అది నిండి మునిగేందుకు పట్టే 24 నిమిషాలే గడియ, రోజుకు 60. గడియారమూ ఇందులోంచి పుట్టిందే. అమ్రాబాద్‌లో విత్తనం పెట్టి మొగులుకేసి చూసే రైతుకు ‘మంచి గడియ’ బరువు తెలుసు.

యోహాను సువిశేషంలో, కానా పెళ్లిలో, తన గడియ ఇంకా రాలేదన్నారు యేసుప్రభువు. అయినా మరియమ్మ, ఆయన చెప్పినట్టు చేయండని సేవకులతో అన్నది. ఆ గడియ సిలువ ముంగిట వచ్చింది. ఆనాడు మిట్టమధ్యాహ్నం నుంచి మూడింటిదాకా చీకటి కమ్మింది. మన లెక్కలో ఏడున్నర గడియలు. ఆ చీకటికీ హద్దుంది. మరియమ్మలా చేయాల్సింది చేస్తూ, గడియను దేవుని చేతికి వదలడమే కతోలిక విశ్వాసి నిరీక్షణ.