బరువు తగ్గే లక్ష్యం: అంకెల వెనుక చరిత్ర



కొత్త సంవత్సరం రాగానే, ఇంట్లో పెళ్లి ముహూర్తం దగ్గరపడగానే "పది కిలోలు తగ్గాలి" అనుకునేవారు చాలామంది ఉంటారు. ఆ పది అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం ఎవరూ అడగరు. నిజానికి ఎంత బరువు తగ్గాలన్న ప్రశ్నకు వైద్యశాస్త్రం ఇచ్చిన జవాబు కాలంతోపాటు పలుమార్లు మారింది. ఆ మార్పును అర్థం చేసుకుంటే సాధ్యమయ్యే లక్ష్యం ఏదో, నిరాశ మిగిల్చే లక్ష్యం ఏదో గుర్తించగలుగుతాం. ఈ పాఠం ఉద్దేశం అదే.

అంకె లేని లక్ష్యం

అధిక బరువు గురించిన ఆలోచన మన దేశానికి కొత్తది కాదు. చరక సంహిత సూత్రస్థానంలోని 21వ అధ్యాయం అతిస్థూలతను, అతికృశత్వాన్ని రెండింటినీ చర్చిస్తుంది. బరువు తగ్గాలనుకునేవారు వ్యాయామాన్ని క్రమక్రమంగా పెంచుకోవాలని చెబుతుంది. 'క్రమంగా' అన్న మాటను గుర్తుంచుకోండి. ఈ పాఠం చివరికి మనం మళ్లీ అక్కడికే చేరుకుంటాం.

19వ శతాబ్దపు లండన్‌లో విలియం బాంటింగ్ అనే వ్యక్తి అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వృత్తిలో ఉండేవాడు. 1862లో అతని బరువు 202 పౌండ్లు, అంటే దాదాపు 92 కిలోలు. విలియం హార్వే అనే వైద్యుని సలహాతో చక్కెర, రొట్టె, బంగాళాదుంప, బీరు తగ్గించాడు. సుమారు ఏడాదిలో 46 పౌండ్లు తగ్గాడు. ఆ అనుభవాన్ని 1863లో చిన్న పుస్తకంగా సొంత ఖర్చుతో అచ్చు వేయించాడు. లెక్క కడితే ఆయన తగ్గింది వారానికి సగటున అరకిలో కంటే తక్కువే. పుస్తకం ఆహార నియమాలకు పేరు పొందింది కానీ, అందులోని నిదానాన్ని పెద్దగా ఎవరూ గమనించలేదు.

బీమా సంస్థ ఇచ్చిన పట్టిక

బెల్జియం గణాంక శాస్త్రవేత్త అడాల్ఫ్ క్వెట్లే 1835లో 'సగటు మనిషి'ని వర్ణించే గ్రంథం ప్రచురించాడు. పెద్దవారిలో బరువు దాదాపుగా ఎత్తు వర్గానికి అనుపాతంలో ఉంటుందని ఆయన గమనించాడు. స్థూలకాయం ఆయన అధ్యయన విషయమే కాదు. జనాభాను వర్ణించడమే ఆయన పని.

వ్యక్తికి లక్ష్యంగా ఒక అంకెను చేతికిచ్చింది వైద్యులు కాదు, బీమా వ్యాపారం. అమెరికాలోని మెట్రోపాలిటన్ లైఫ్ సంస్థ తన పాలసీదారుల మరణాల లెక్కలు పరిశీలించి, 1942లో స్త్రీలకు, 1943లో పురుషులకు 'ఆదర్శ బరువు' పట్టికలు ప్రకటించింది. ఎత్తును, చిన్న, మధ్య, పెద్ద అనే శరీర నిర్మాణాన్ని బట్టి బరువు చూసుకోవాలి. తనది ఏ నిర్మాణమో తేల్చుకునే కొలత మాత్రం అందులో లేదు. పైగా ఆ లెక్కలు ఒక దేశంలో బీమా కొనగలిగిన వారివి. 1959లో వచ్చిన కొత్త పట్టికలో 'ఆదర్శ' అన్న మాట పోయి 'అభిలషణీయ' అన్న మాట వచ్చింది. అయినా తన బరువుకూ పట్టికలోని బరువుకూ మధ్య తేడానే తగ్గాల్సిన బరువు అన్న అభిప్రాయం స్థిరపడిపోయింది.

1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్, ఆయన సహచరులు ఐదు దేశాలకు చెందిన 7 వేలకు పైగా పురుషుల కొలతలను పరిశీలించారు. క్వెట్లే సూత్రానికి శరీర ద్రవ్యరాశి సూచిక అని పేరు పెట్టారు. మనం బి.ఎం.ఐ. అంటున్నది దానినే. కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే అది వస్తుంది.

శరీరం సరళరేఖలో నడవదు

1958లో మాక్స్ విష్నోఫ్‌స్కీ అనే వైద్యుడు ఒక పౌండు బరువు 3,500 కిలోకాలరీలకు సమానమని లెక్కగట్టాడు. రోజుకు 500 తగ్గిస్తే వారానికి ఒక పౌండు, ఏడాదికి 52 పౌండ్లు పోతాయని చాలామంది దాన్ని అన్వయించారు. కాగితం మీద లెక్క సరిపోతుంది. శరీరం మాత్రం దానికి కట్టుబడదు.

దీనికి సాక్ష్యం అంతకు ముందే ఉంది. 1944-45లో ఇదే ఆన్సెల్ కీస్ మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది యువకులకు ఆరు నెలలపాటు సగం కడుపుకే తిండి పెట్టి ప్రయోగం జరిపాడు. దాదాపు నాలుగో వంతు బరువు తగ్గించడం లక్ష్యం. బరువు తగ్గిన కొద్దీ వారి శరీరాలు శక్తిని పొదుపుగా వాడుకోవడం మొదలుపెట్టాయి. నీరసం, చిరాకు పెరిగాయి, ఆలోచనలన్నీ తిండి చుట్టూనే తిరిగాయి. కొన్ని నెలల తర్వాత కాటాలో ముల్లు కదలకపోతే దానికి మన సంకల్ప బలహీనత ఒక్కటే కారణం కాదని ఈ ప్రయోగం తెలియజేస్తుంది.

కలల బరువు, చాలినంత బరువు

1997లో అమెరికాలో 60 మంది స్థూలకాయ మహిళలపై జరిగిన ఒక అధ్యయనం కళ్లు తెరిపించింది. చికిత్సకు ముందు వారు కోరుకున్న తగ్గుదల సగటున తమ బరువులో 32 శాతం. కలల బరువు, సంతోషపెట్టే బరువు, సరిపెట్టుకోగల బరువు, నిరాశపరిచే బరువు ఏవో కూడా వారినే చెప్పమన్నారు. 48 వారాల్లో వారు సగటున 16 కిలోలు తగ్గారు. వైద్యుల దృష్టిలో అది మంచి ఫలితం. అయినా 47 శాతం మంది తాము 'నిరాశపరిచేది' అని చెప్పిన బరువుకు కూడా చేరలేదు. విజయం చేతికందినా లక్ష్యం దాన్ని ఓటమిగా చూపించింది.

మరుసటి ఏడాది, 1998లో, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల మార్గదర్శకాలు మొదటి లక్ష్యంగా ఆరు నెలల్లో 10 శాతం తగ్గుదలను సూచించాయి. 2002లో ప్రచురితమైన మధుమేహ నివారణ అధ్యయనంలో జీవనశైలి బృందానికి ఇచ్చిన లక్ష్యాలు రెండే: బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల శారీరక శ్రమ. బరువు లక్ష్యాన్ని 24 వారాలకు చేరుకున్నది సగం మందే. అయినా ఆ బృందంలో మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. అంటే కొలబద్ద పట్టిక నుంచి మనిషి వైపు మళ్లింది. 'పట్టికకు ఎంత దూరంలో ఉన్నావు?' అన్న ప్రశ్న 'నీ బరువులో ఎంత శాతం తగ్గితే మేలు?' అని మారింది.

మన శరీరాలు, మన కొలతలు

2004లో 'లాన్సెట్' పత్రికలో పుణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ తమ కొలతలనే ప్రచురించారు. ఇద్దరి బి.ఎం.ఐ. 22.3. కానీ యుడ్కిన్ శరీరంలో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం ఆసియావాసుల విషయంలో 23 నుంచే జాగ్రత్త అవసరమని సూచించింది. 2009లో భారతీయ నిపుణులు 23 నుంచి అధిక బరువుగా, 25 నుంచి స్థూలకాయంగా పరిగణించాలని, నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకూడదని ప్రతిపాదించారు.

మరో ముఖ్యమైన పాఠం చెన్నై నుంచి వచ్చింది. 2006లో ప్రచురితమైన భారతీయ మధుమేహ నివారణ అధ్యయనంలో, మితాహారం, రోజువారీ నడక పాటించిన బృందంలో మధుమేహ ప్రమాదం 28.5 శాతం తగ్గింది. వారి బరువు మాత్రం చెప్పుకోదగినంత తగ్గలేదు. కాటా చూపించని మేలు కూడా ఉంటుందన్నమాట.

లెక్క వేసి చూద్దాం

165 సెంటీమీటర్ల ఎత్తు, 82 కిలోల బరువు ఉన్న పెద్దవారి బి.ఎం.ఐ. సుమారు 30. పట్టిక ప్రకారం 23 లోపు రావాలంటే దాదాపు 20 కిలోలు తగ్గాలి. ఆ అంకె చూసి చాలామంది మొదలుపెట్టకముందే మానేస్తారు. 5 శాతం అంటే 4 కిలోల పైచిలుకు. ఆరు నెలల్లో 10 శాతం అనుకున్నా, వారానికి మూడు వందల గ్రాముల పైచిలుకు చాలు. దానితోపాటు 'వారంలో ఐదు రోజులు అరగంట నడుస్తాను' వంటి లక్ష్యం పెట్టుకోవాలి. బరువు పూర్తిగా మన చేతిలో ఉండదు, నడక ఉంటుంది. చేసిన పని రోజూ కంటికి కనిపిస్తేనే ఉత్సాహం నిలుస్తుంది.

ఒక హెచ్చరిక. 18 ఏళ్లు నిండనివారికి ఈ అంకెలు వర్తించవు. ఎదిగే వయసులో వయసును బట్టి వేరే పట్టికలు ఉంటాయి. స్నేహితుల మాటలకు నొచ్చుకొని భోజనం మానేయడం లక్ష్యం కాదు, ప్రమాదం. సందేహం ఉంటే వైద్యుని సంప్రదించాలి.

ఆలోచించండి

1. బీమా సంస్థ పట్టిక ఎవరి లెక్కల నుంచి పుట్టింది? అది అందరికీ ఎందుకు వర్తించదు?

2. 1997 అధ్యయనంలో మంచి ఫలితం పొందినవారు కూడా ఎందుకు నిరాశపడ్డారు?

3. చరక సంహిత చెప్పిన 'క్రమంగా' అన్న మాటకు, 2002 అధ్యయనంలోని లక్ష్యాలకు ఉన్న పోలిక ఏమిటి?