బొగ్గుదుమ్ము, బొమ్మల బోధ

ప్రమాదము వచ్చిన పిమ్మట వగచుటకన్న, అది యెట్లు వచ్చునో పనివానికి ముందుగా జూపుట మేలను తలంపు గనులలో నెట్లు వేరూనినదో కొంత విన్నవించెదను.

1907 డిసెంబరు 6వ తేదీన అమెరికాలోని పశ్చిమ వర్జీనియాయందు మొనాంగా అను నూరి బొగ్గుగనిలో ప్రేలుడు సంభవించి, లెక్కకు వచ్చినంతవరకే 362 మంది మరణించిరి. వారిలో ననేకులు ఇటలీనుండియు, తూర్పు ఐరోపానుండియు పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు. ఇంగ్లీషు రాని యట్టివారికి గోడమీద నెన్ని హెచ్చరికలు వ్రాసి కట్టిన నేమి ప్రయోజనము?

ఇట్టి దుర్ఘటనల ఫలితముగా 1910లో ఆ ప్రభుత్వము బ్యూరో ఆఫ్ మైన్స్ అను గనులశాఖ నేర్పరచెను. జోసెఫ్ హోమ్స్ దానికి మొదటి డైరెక్టరు. శాఖవారు రైలుపెట్టెలను పాఠశాలలుగా మార్చి గనులయొద్దకు ద్రిప్పిరి. బడికి రాలేనివానికడకు బడియే పోయినదన్నమాట! విషవాయువులో నూపిరి నిలుపు పరికరమును ధరించుట, గాయమునకు కట్టు గట్టుట అందు నేర్పిరి.

అయినను మొండి సందేహ మొకటి మిగిలెను. గనిలో వెలువడు వాయువు ప్రేలునని యెల్లరు నెరుగుదురు. ఉత్త బొగ్గుదుమ్ము ప్రేలునన్న ననేకులు నమ్మరైరి. దినదినము నోటను ముక్కునను నింపుకొను దుమ్మే తమ్ము జంపునన నెట్లు నమ్ముదురు? శాఖవారు పిట్స్‌బర్గు చేరువ బ్రూస్టన్ అనుచోట ప్రయోగార్థ మొక గనిని త్రవ్వించి, 1911 అక్టోబరు 30న పలువురి యెదుట ఆ దుమ్మునే ప్రేల్చి చూపిరి. మన తర్కశాస్త్రమున ప్రమాణములలో ప్రత్యక్షమును ముందు చెప్పుట యూరక కాదు. గనిలో సున్నపురాతిపొడి చల్లియుంచినచో, అది బొగ్గుదుమ్ముతోపాటు లేచి వేడిని గ్రహించి జ్వాలను ప్రాకనీయదనియు ప్రయోగములవలన రూఢియయ్యెను.

ప్రతివానిని బ్రూస్టనుకు గొనిపోవుట సాధ్యము కాదు గదా! అందుకు చలనచిత్రము సాధనమయ్యెను. శాఖవారు పరిశ్రమల సొమ్ముతో చిత్రములు తీయించి, అడిగినవారికి ఎరువిచ్చుచుండిరి. నాకిచ్చట నొక శంక. ఆ కాలపు రక్షణచిత్రములలోను, గోడపటములలోను తప్పు తరచుగా అజాగ్రత్తగల పనివానిదే. శిథిలమైన దూలమునకు మాత్రము తప్పులేదు! రాతిపొడి చల్లించుట, గాలి యాడునట్లు చేయుట యజమాని పని. కూలివా డెన్ని చిత్రములు చూచినను అది వానిచేత గాదు.

మన సింగరేణిసీమలోను పందొమ్మిదవ శతాబ్దినుండి బొగ్గు త్రవ్వుచున్నారు. గనిలో దిగుటకు ముందే క్రొత్తవాడు శిక్షణ పొందవలెనని 1966 నాటి గనుల వృత్తిశిక్షణ నియమములు విధించినవి. మీ యూర గనిపనికి బోవు కుర్రవాడున్నచో, శిక్షణలో నేమి చూపిరో, అచ్చట రాతిపొడి యెవరు చల్లుదురో వాని నడిగి చూడుడు.