ఐ-లీగ్ 2016-17: దిగువ శ్రేణికి పడిపోయిన ఐజోల్ విజేతగా నిలిచిన సీజన్

భారత పురుషుల ఫుట్‌బాల్ జాతీయ లీగ్ అయిన ఐ-లీగ్ పదో సీజన్ 2017 జనవరి 7న ప్రారంభమై ఏప్రిల్ 30న ముగిసింది. పది క్లబ్‌లు తలపడిన ఈ సీజన్‌లో మిజోరం రాజధానికి చెందిన ఐజోల్ ఫుట్‌బాల్ క్లబ్ 37 పాయింట్లతో విజేతగా నిలిచింది. 36 పాయింట్లు సాధించిన కోల్‌కతా క్లబ్ మోహన్ బగాన్‌కు రెండో స్థానం దక్కింది. ఈశాన్య రాష్ట్రాలకు చెందిన ఒక క్లబ్ జాతీయ లీగ్ టైటిల్‌ను గెలుచుకోవడం అదే తొలిసారి. అంతకు ముందు సీజన్‌లో దిగువ శ్రేణికి పడిపోయిన క్లబ్ కూడా ఐజోలే.

నేపథ్యం

2015-16 సీజన్‌లో తొమ్మిది క్లబ్‌లు ఆడగా ఐజోల్ ఎనిమిదో స్థానంలో నిలిచింది. చివరి స్థానంలో ఉన్న డీఎస్‌కే శివాజియన్స్ నేరుగా ప్రవేశం పొందిన కొత్త క్లబ్ కావడంతో దానికి నిబంధనల రక్షణ లభించింది. ఫలితంగా వేటు ఐజోల్‌పై పడింది. అయితే అదే ఏడాది మే నెలలో ఆ జట్టు ఫెడరేషన్ కప్ ఫైనల్‌కు చేరింది. గువాహటిలో జరిగిన ఆ మ్యాచ్‌లో మోహన్ బగాన్ చేతిలో 0-5 తేడాతో ఓడిపోయింది.

అప్పుడే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కొత్త లీగ్ వ్యవస్థను ప్రతిపాదించింది. 2014లో ఫ్రాంచైజీ పద్ధతిలో మొదలైన ఇండియన్ సూపర్ లీగ్‌ను అగ్రశ్రేణిగా గుర్తించి, ఐ-లీగ్ క్లబ్‌లను రెండో శ్రేణిలో ఉంచాలన్నది దాని సారాంశం. రెండో శ్రేణిలో గెలిచినా పై లీగ్‌లోకి వెళ్లే మార్గం ఆ ప్రతిపాదనలో లేదు. దీనిని నిరసిస్తూ గోవా క్లబ్‌లు సల్గావ్‌కర్, స్పోర్టింగ్ క్లబ్ డి గోవా ఐ-లీగ్ నుంచి తప్పుకున్నాయి. రెండో డివిజన్ గెలిచి అర్హత సాధించిన డెంపో కూడా బరిలోకి దిగలేదు. అలా ఏర్పడిన ఖాళీలో ఐజోల్‌కు తిరిగి చోటు లభించింది.

పాల్గొన్న క్లబ్‌లు

గత విజేత బెంగళూరు ఎఫ్‌సీ, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, షిల్లాంగ్ లాజోంగ్, డీఎస్‌కే శివాజియన్స్, ముంబయి ఎఫ్‌సీ, ఐజోల్ పాత క్లబ్‌లు. మినర్వా పంజాబ్, చెన్నై సిటీ కొత్తగా చేరాయి. గోవా క్లబ్ చర్చిల్ బ్రదర్స్‌కు పునఃప్రవేశం లభించింది. ప్రతి జట్టు మిగతా తొమ్మిదింటితో సొంత మైదానంలో ఒకసారి, ప్రత్యర్థి మైదానంలో ఒకసారి చొప్పున మొత్తం 18 మ్యాచ్‌లు ఆడింది. గెలుపునకు మూడు పాయింట్లు, డ్రాకు ఒక పాయింటు. ఫైనల్ మ్యాచ్ లేని ఈ పద్ధతిలో తుది పట్టికే విజేతను నిర్ణయిస్తుంది.

ఐజోల్ జట్టు

భారత జట్టు మాజీ మిడ్‌ఫీల్డర్ ఖాలిద్ జమీల్ ఈ సీజన్‌కు ఐజోల్ కోచ్‌గా వచ్చారు. అంతకు ముందు ఆయన చాలా ఏళ్లు ముంబయి ఎఫ్‌సీకి శిక్షణ ఇచ్చారు. ఆయన లేని తొలి సీజన్‌లోనే ముంబయి చివరి స్థానంలో నిలిచి దిగువ శ్రేణికి పడిపోయింది.

సిరియా మిడ్‌ఫీల్డర్ మహమూద్ అల్ అమ్నా, లైబీరియాకు చెందిన ఆల్ఫ్రెడ్ జర్యాన్, ఐవరీ కోస్ట్ ఆటగాడు కామో బాయి ఐజోల్ విదేశీ ఆటగాళ్లలో ముఖ్యులు. జయేష్ రాణే, అశుతోష్ మెహతా, గోల్‌కీపర్ అల్బినో గోమ్స్ ఇతర రాష్ట్రాల నుంచి వచ్చారు. వీరికి తోడు లాల్‌రువత్తారా, బ్రాండన్ వన్‌లాల్‌రెమ్‌డికా వంటి స్థానిక యువకులు జట్టుకు బలమయ్యారు. 2012లో ప్రారంభమైన మిజోరం ప్రీమియర్ లీగ్ ఇలాంటి యువకులకు క్రమబద్ధమైన పోటీని అందించింది. 2011 జనాభా లెక్కల ప్రకారం మిజోరం జనాభా సుమారు 11 లక్షలు మాత్రమే.

చివరి రెండు మ్యాచ్‌లు

16 మ్యాచ్‌లు ముగిసేసరికి ఐజోల్, మోహన్ బగాన్ చెరి 33 పాయింట్లతో సమానంగా ఉన్నాయి. ఏప్రిల్ 22న ఐజోల్‌లోని రాజీవ్ గాంధీ స్టేడియంలో రెండు జట్లూ ముఖాముఖి తలపడ్డాయి. 83వ నిమిషంలో డిఫెండర్ జోమింగ్లియానా రాల్టే చేసిన ఏకైక గోల్‌తో ఐజోల్ గెలిచింది. టైటిల్‌కు ఇక ఒక్క డ్రా చాలు.

ఏప్రిల్ 30న షిల్లాంగ్‌లో లాజోంగ్‌తో జరిగిన మ్యాచ్‌లో ఆరంభంలోనే ఐజోల్ వెనుకబడింది. లాజోంగ్ తరఫున గోల్ చేసిన కామెరూన్ ఆటగాడు అసెర్ పియరిక్ డిపాండా 11 గోల్స్‌తో ఆ సీజన్‌లో అగ్రస్థానంలో నిలిచాడు. అదే రోజు కోల్‌కతాలో మోహన్ బగాన్ 2-1తో చెన్నై సిటీని ఓడించింది. ద్వితీయార్ధంలో విలియం లాల్‌నున్‌ఫెలా గోల్‌తో ఐజోల్ స్కోరును 1-1 చేసి, ఆ డ్రాతోనే విజేతగా నిలిచింది.

తుది లెక్కల్లో ఐజోల్ 11 విజయాలు, 4 డ్రాలు, 3 ఓటములు నమోదు చేసింది. మోహన్ బగాన్ 10 మ్యాచ్‌లు గెలిచి, 6 డ్రా చేసుకుని, రెండింట్లో మాత్రమే ఓడింది. ఈస్ట్ బెంగాల్ మూడో స్థానంలో, బెంగళూరు నాలుగో స్థానంలో నిలిచాయి.

అనంతర పరిణామాలు

ఈ టైటిల్ ఐజోల్‌కు ఇండియన్ సూపర్ లీగ్‌లో స్థానాన్ని ఇవ్వలేదు. విజేతను అగ్రశ్రేణిలోనే ఉంచాలని క్లబ్ పట్టుబట్టింది. ఆసియా సమాఖ్య అనుమతితో 2017-18లో రెండు లీగ్‌లూ సమాంతరంగా జరిగాయి. బెంగళూరు ఎఫ్‌సీ సూపర్ లీగ్‌కు మారింది. ఐజోల్ 2018 జనవరిలో ఆసియా ఛాంపియన్స్ లీగ్ అర్హత మ్యాచ్‌లో ఇరాన్ క్లబ్ జోబ్ ఆహన్ చేతిలో 1-3తో ఓడి, అనంతరం ఏఎఫ్‌సీ కప్‌లో ఆడింది.

2019లో ఆసియా సమాఖ్య ఆమోదించిన ప్రణాళికతో సూపర్ లీగ్ దేశ అగ్రశ్రేణి లీగ్‌గా స్థిరపడింది. ఐ-లీగ్ విజేతకు పై శ్రేణిలో ప్రవేశం 2022-23 సీజన్ నుంచి మాత్రమే అమలైంది. ఆ ఏడాది గెలిచిన పంజాబ్ క్లబ్ అలా సూపర్ లీగ్‌కు చేరింది. ఐజోల్ గెలిచిన ఏడాది ఆ దారి లేదు. ఏ ప్రతిపాదన వల్ల గోవా క్లబ్‌లు తప్పుకుని ఐజోల్‌కు లీగ్‌లో చోటు దొరికిందో, అదే ప్రతిపాదన దాని విజయానికి హద్దు గీసింది. ఖాలిద్ జమీల్ మాత్రం తర్వాత సూపర్ లీగ్ క్లబ్‌లకు శిక్షణ ఇచ్చి, 2025 ఆగస్టులో భారత పురుషుల జట్టు ప్రధాన కోచ్‌గా నియమితులయ్యారు.